డాబా మీద వాన నీళ్లు: ఎలా పట్టాలి, ఎలా దాచాలి, దేనికి వాడాలి

వానాకాలం వచ్చిందంటే చాలు, మన విశాఖలో అడిగినవాళ్లే మళ్లీ అడుగుతుంటారు. ఎంత పెద్ద ట్యాంకు కొనాలి, ఏ ఫిల్టరు మంచిది, ఆ నీళ్లు తాగొచ్చా అని. విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక అన్నీ ఒకేచోట రాస్తున్నాను. నేను గమనించింది ఏంటంటే, అందరూ ట్యాంకు కొనడంతో మొదలుపెడతారు, దేనికి వాడాలన్నది ఆ తర్వాత ఆలోచిస్తారు. దాన్ని తిరగేయండి. దేనికి వాడతారో ముందే తేల్చుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది, జబ్బుల భయం అంతకంటే ఎక్కువ తగ్గుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఇప్పుడు పట్టిన నీళ్లు ఏప్రిల్, మే దాకా వస్తాయని ఆశ పెట్టుకోకండి. మనకు వానలు జూన్ నుంచి అక్టోబరు, నవంబరు దాకా పడతాయి, డిసెంబరు నుంచి దాదాపు ఏమీ ఉండదు. ఇంటి ట్యాంకు నీళ్లతో వేసవి గట్టెక్కడం కుదరదు. ఆ ఐదారు నెలలూ కుళాయి నీళ్లు, బోరు నీళ్లు తక్కువ వాడుకోవడమే దీని లాభం. కాబట్టి నిండిన ట్యాంకును చూసుకుని మురిసిపోకుండా వాడేస్తూ ఉండండి, ఖాళీ ఉంటేనే కదా తర్వాతి వాన పట్టేది.

1. దేనికి వాడతారో తేల్చుకోండి

మొక్కలకు, బండి కడగడానికి, గచ్చు కడగడానికి, బాత్‌రూమ్ ఫ్లష్‌కు అయితే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. ఆకులూ మట్టీ రాకుండా జాలి, దోమలు చేరకుండా మూత ఉంటే చాలు. ఎక్కువమంది ఇళ్లకు నేను చెప్పేది ఇక్కడే ఆగిపొమ్మని.

బట్టలకు, అంట్లకు, స్నానానికి అంటే ఒక మెట్టు పైకి వెళ్లాలి. మొదటి నీళ్లు వదిలేయడం, వడకట్టడం తప్పనిసరి. కష్టానికి ఫలితం కూడా ఇక్కడే బాగా కనిపిస్తుంది. బీచ్‌కు దగ్గరగా, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. వాన నీళ్లలో అదే సబ్బు కొంచెం పూస్తే చాలు. కుళాయిల మీద తెల్లటి చారలు కూడా కట్టవు.

వంటకు, తాగడానికి అంటే మాత్రం కింద రాసినవన్నీ చేయాలి, ఒక్కటి వదిలినా కుదరదు. కొన్ని ఇళ్లలో అన్నీ చేసినా వద్దు. పోర్టు చుట్టుపక్కల, పాత ఊరు, జ్ఞానాపురం, మల్కాపురం వైపు ఉండేవాళ్లకు బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి గురించి నేను చెప్పేదేముంది. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రం నడిస్తే అరికాళ్లు నల్లబడుతున్నాయంటే, ఆ డాబా నీళ్లు నోట్లో పోసుకోవద్దు. గాజువాక వైపు ఫ్యాక్టరీల పక్కనున్నవాళ్లకీ ఇదే మాట. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నీళ్లలో కరిగిన లోహాలు ఎక్కడికీ పోవు, బ్లీచింగ్ వేసినా పోవు.

సిమెంటు రేకుల కప్పు, తారు షీటు వేసిన కప్పు, కొత్తగా వాటర్‌ప్రూఫ్ కోటింగో కూలింగ్ పెయింటో వేసిన డాబా ఉన్నా తాగే ఆలోచన మానుకోండి. మిద్దెతోట ఉన్నవాళ్లు కూడా అంతే. కుండీల్లోంచి కారే ఎరువూ పురుగుమందూ అన్నీ అదే తూములోకి వస్తాయి, ఆ నీళ్లు తిరిగి మొక్కలకే పోసుకోవడం మంచిది.

2. ఎన్ని నీళ్లు వస్తాయో లెక్క చూసుకోండి

లెక్క చాలా సులువు. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. 1000 చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన పడితే 930 లీటర్లు పడినట్టు, అందులో తడికీ ఆవిరికీ చిందడానికీ ఐదో వంతు తీసేయండి, చేతికి వచ్చేది 750 లీటర్ల దాకా. గజాల్లో కావాలంటే, 100 గజాల కప్పు మీద అదే వానకు సుమారు 670 లీటర్లు.

విశాఖలో ఏడాదికి 1000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. ఆ లెక్కన 1000 అడుగుల డాబా మీద ఏడాదికి 74 వేల లీటర్లు. ఈ అంకె చూడగానే చాలామందికి పదివేల లీటర్ల సంపు తవ్వించాలన్న ఊపు వస్తుంది. ఆగండి. ఒక్క మంచి వాన 20 మిల్లీమీటర్లు పడితేనే 1000 లీటర్ల ట్యాంకు నిండి పొర్లిపోతుంది. రోజుకు 150, 200 లీటర్లు వాడేవాళ్లకు ఆ 1000 లీటర్లు ఐదారు రోజులు వస్తాయి, ఈలోపు ఇంకో వాన పడుతుంది. మొదటి ఏడాది 1000 లీటర్లతోనో, మరీ తక్కువలో అయితే రెండు 200 లీటర్ల డ్రమ్ములతోనో మొదలుపెట్టండి.

3. కావాల్సిన సామాన్లు

డాబా మీంచి దిగే పైపు 110 ఎంఎం పీవీసీది. 75 ఎంఎం పైపుతో సరిపెడదామని చూడకండి, మన దగ్గర అరగంటలో కుండపోత కురిసి ఆగిపోయే వానలుంటాయి, ఆ పైపు తట్టుకోలేక డాబా చెరువవుతుంది. ఒక టీ (మూడు మూతులున్న పైపు జాయింటు), రెండు మూడు ఎల్బోలు (వంపు జాయింట్లు), రెండు బాల్ వాల్వులు, పైపులు అతికించే సాల్వెంట్ సిమెంటు. తూముకు గిన్నె ఆకారం జాలి. మొదటి నీళ్లకు ఒక 200 లీటర్ల మూత డ్రమ్ము. వడకట్టడానికి ఇంకో డ్రమ్ము, అందులోకి 40 ఎంఎం, 20 ఎంఎం కంకర, నది ఇసుక, నైలాన్ దోమతెర. నిల్వకు నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, అడుగున పెట్టడానికి ఇటుకల దిమ్మె.

సామాన్లు కొనేటప్పుడు జరిగే పొరపాట్లు రెండున్నాయి.

ఒకటి, పాత సామాన్ల షాపులో చవగ్గా దొరికే నీలం డ్రమ్ములు. వాటిలో ఇంతకు ముందు ఏముందో షాపువాడికే తెలియదు. ఏ యాసిడో, సాల్వెంటో, మందుల కంపెనీ రసాయనమో అయి ఉండొచ్చు. పది సార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదు. మూత తీసి వాసన చూడటం కూడా వద్దు. నూనె, పంచదార పాకం లాంటి తిండి సరుకు వచ్చిన డ్రమ్మని గట్టిగా తెలిస్తే సరే, లేదంటే కొత్తది కొనండి.

రెండోది, బీచ్ ఇసుక. దగ్గరే ఉంది కదా, రెండు గోనెసంచులు తెచ్చుకుంటే పోయేదేముంది అంటారు. అందులో ఉప్పుంటుంది, గవ్వల పొడి ఉంటుంది. వాన నీళ్లు పట్టి మళ్లీ ఉప్పునీళ్లు చేసుకున్నట్టే. నది ఇసుకే వాడండి, అది కూడా బకెట్లో వేసి, కలిపి వంపిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి.

సముద్రపు గాలి ఉన్నచోట ఇనప క్లాంపులు, ఇనప జాలీలు ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి రాలిపోతాయి. ప్లాస్టిక్‌వో స్టెయిన్‌లెస్ స్టీల్‌వో తీసుకోండి.

4. డాబా సిద్ధం చేయండి

మే నెలాఖరులో ఒకరోజు డాబా అంతా చీపురుతో ఊడ్చి, తర్వాత నీళ్లతో కడిగేయండి. సబ్బు, యాసిడ్ వద్దు. పావురాల రెట్ట ఉన్నచోట ముందు నీళ్లు చల్లి తడిపాకే గీకండి, పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పాత టైర్లు, విరిగిన కుర్చీలు, ఎప్పటివో పెయింట్ డబ్బాలు డాబా మీద ఉంటే కిందికి దింపేయాల్సిందే. కుక్కను డాబా మీద వదిలే అలవాటుంటే వానలు పడే నెలలన్నీ మానాలి.

తర్వాత తూముకు ఎదురు మూల నిలబడి రెండు బకెట్ల నీళ్లు ఒంపండి. తూము వైపు సాఫీగా పోతే వాలు బాగున్నట్టు. ఎక్కడైనా మడుగు కట్టి గంట తర్వాత కూడా అలాగే ఉంటే, అక్కడ పాకుడు పడుతుంది, దోమలూ పుడతాయి. మేస్త్రీతో అక్కడ వాలు సరిచేయించండి, చిన్న పనే.

5. మొదటి నీళ్లు వదిలేసే ఏర్పాటు

మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, జనం తేలిగ్గా తీసుకునేదీ ఇదే. వాన మొదలైన కొత్తలో వచ్చే నీళ్లు డాబాను కడిగిన నీళ్లు. దుమ్ము, రెట్ట, బొగ్గు మసి, సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు అన్నీ అందులోనే ఉంటాయి. మొదటి 2 మిల్లీమీటర్ల వాన వదిలేయాలి. మన 1000 అడుగుల డాబాకు అది 186 లీటర్లు, అంటే దాదాపు ఒక పెద్ద డ్రమ్ము.

ఇంటర్నెట్‌లో ఒక బొమ్మ తిరుగుతుంటుంది, గోడకు నిలువుగా ఒక పైపు ముక్క పెట్టి అందులో మొదటి నీళ్లు నిలుస్తాయని చూపిస్తారు. బొమ్మ బాగుంటుంది, లెక్కే కుదరదు. 110 ఎంఎం పైపు ఒక మీటరు పొడవుకు పట్టేది ఎనిమిదిన్నర లీటర్లే. రెండు మీటర్ల ముక్క పెడితే 17 లీటర్లు. 186 ఎక్కడ, 17 ఎక్కడ? చిన్న రేకుల షెడ్డుకైతే పనికొస్తుందేమో గానీ డాబాకు డ్రమ్మే పెట్టాలి.

బిగించే పద్ధతి ఇది. కిందికి దిగే పైపుకు టీ పెట్టండి. టీ కింది కాలు నేరుగా మొదటి నీళ్ల డ్రమ్ములోకి, పక్క కాలు ఫిల్టరు వైపు. డ్రమ్ము నిండాక నీళ్లు పైపులో పైకి లేచి, టీ దగ్గరికి రాగానే పక్కకు తిరిగి ఫిల్టరులోకి పోతాయి. అందుకు డ్రమ్ము మూత గట్టిగా బిగిసి ఉండాలి, పైపు దూరే చోట సీలు ఉండాలి, లేకపోతే నీళ్లు మూత పక్కనుంచే కారిపోయి ఫిల్టరు దాకా రావు. డ్రమ్ము అడుగున ఒక చిన్న కుళాయి పెట్టి సన్నగా ధార కారేలా వదిలి ఉంచండి, ఒక రోజులో దానంతట అదే ఖాళీ అవుతుంది. ఆ కుళాయి మట్టితో పూడుకుపోవడం మామూలే. డ్రమ్ము ఖాళీ కాకపోతే తర్వాతి వానకు మురికి అంతా తిన్నగా మీ ట్యాంకులోకే వెళ్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. వాన వెలిసిన మర్నాడు డ్రమ్మును వేలితో కొట్టి చూడండి, బోలుగా మోగితే ఖాళీ అయినట్టు.

ఇంత ఏర్పాటు వద్దనుకుంటే రెండు బాల్ వాల్వులు చాలు, ఒకటి కాలువ వైపు, ఒకటి ట్యాంకు వైపు. వాన మొదలైనప్పుడు కాలువ వైపుది తెరిచి ఉంచి, తర్వాత మార్చుకోవాలి. ఎంతసేపటికి మార్చాలి అంటే అందరూ పావుగంట అని చెబుతారు. నిమిషాలతో కుదరదండీ. కుండపోత అయితే ఐదారు నిమిషాల్లో 2 మిల్లీమీటర్లు అయిపోతుంది, సన్న తుంపర అయితే గంట దాటినా కాదు. వాన నేరుగా పడేచోట, గాలికి పడిపోకుండా, పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున్న స్టీలు డబ్బా ఒకటి మీ కిటికీ నుంచి చేతికి అందేలా పెట్టుకోండి. అందులో పిల్లల స్కేలు నిలబెట్టి చూస్తే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో తెలిసిపోతుంది. స్కేలు అంచుకూ సున్నా గీతకూ మధ్య ఉండే ఖాళీని కలుపుకోవడం మర్చిపోవద్దు. వాల్వులు మాత్రం కిందే, చేతికి అందే ఎత్తులో పెట్టించండి. ఉరుములు మెరుపుల్లో వాల్వు తిప్పడానికి డాబా ఎక్కే పని పెట్టుకోవద్దు.

రోజూ వాన పడుతుంటే ప్రతిసారీ అంత వదలక్కర్లేదు. రెండు మూడు రోజులు తెరిపి ఇచ్చి మళ్లీ పడితే వదలాలి. తొలకరి వానలు రెండు మూడైతే పూర్తిగా వదిలేయండి, లోభం వద్దు.

6. ఫిల్టరు

వడకట్టే డ్రమ్ము అడుగున కుళాయి లాగా బయటికి పైపు తీసి, అడుగున జానెడు 40 ఎంఎం కంకర, దాని మీద జానెడు 20 ఎంఎం కంకర, దాని మీద దోమతెర పరిచి, ఆ పైన జానెడు ముతక నది ఇసుక. ఇసుక మీద ఇంకో దోమతెర, అది జరగకుండా నాలుగు రాళ్లు. పై తెర ప్రతి వానకూ తీసి దులపాలి, ఇసుక పైపొర నెలకోసారి రెండంగుళాలు తీసి కడిగి వేయాలి.

ఇసుక మరీ సన్నగా, మరీ మందంగా వేస్తే పెద్దవానకు నీళ్లు దిగక పైనుంచి పొర్లిపోతాయి. మొక్కలకే వాడేవాళ్లకు అసలు ఇసుక ఫిల్టరే అక్కర్లేదు, జాలి చాలు, మిగతా మడ్డి ట్యాంకు అడుగున అదే పేరుకుంటుంది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ఇసుక మురికిని ఆపుతుంది, క్రిముల్ని చంపదు. వేలకు వేలు పోసి కొనే రెడీమేడ్ ఫిల్టర్లలో చాలావాటికీ ఇదే వర్తిస్తుంది. మంచి ఫిల్టరున్న మురికి డాబా కంటే మామూలు జాలి ఉన్న శుభ్రమైన డాబానే నేను నమ్ముతాను.

7. ట్యాంకు పెట్టడం

1000 లీటర్లంటే ఒక టన్ను బరువు. నేల మీద, గట్టి దిమ్మె మీదే పెట్టండి. సన్‌షేడ్ మీద, బాల్కనీలో, పాత మెట్ల కింద స్లాబు మీద వద్దు, 200 లీటర్ల డ్రమ్ము కూడా నిండితే 200 కిలోలుంటుందని మరవకండి. దిమ్మె రెండడుగుల ఎత్తుంటే కుళాయి కింద బకెట్టు పడుతుంది, మోటారు అవసరమే ఉండదు.

కుళాయి అడుగు నుంచి నాలుగంగుళాల పైన ఉండాలి, అడుగున మడ్డి పేరుకుంటుంది కాబట్టి. మడ్డి తీసేయడానికి అడుగు మట్టంలో ఇంకో వాల్వు. లోపలికి వచ్చే పైపును అడుగు దాకా దింపి, చివర ఎల్బో పెట్టి మూతి పైకి తిప్పండి, అప్పుడు కొత్త నీళ్లు దూకుడుగా పడి అడుగు మడ్డిని లేపవు. ఇది ప్లంబర్లు మామూలుగా చేయరు, మీరే పక్కనుండి చెప్పి చేయించుకోవాలి.

పొర్లే నీళ్లకు పెట్టే పైపు, లోపలికి వచ్చే పైపంత లావుండాలి. చాలా ఇళ్లలో వచ్చేది నాలుగంగుళాలు, పోయేది ఒక్క అంగుళం. పెద్దవానకు మూత లేచిపోయి గోడ వారన పునాదిలోకి నీళ్లు దిగుతుంటాయి. ఆ పైపు మూతికి దోమతెర కట్టి, నీళ్లు మీ వీధి కాలువలోకో గెడ్డలోకో పోయేలా చూడండి, పక్కింటి గోడ మీదికి వదిలి గొడవలు తెచ్చుకోవద్దు.

ఇంకుడు గుంతలోకి వదలొచ్చా అంటే, చదునైన నేల ఉన్నవాళ్లు వదలొచ్చు, వదలాలి కూడా. మన రాష్ట్రంలో నీళ్లు, నేల, చెట్ల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, వాన నీళ్లు ఇంకించమనే చెబుతుంది, అయినా ఇంటి ప్లానులో ఇంకుడు గుంత చూపించి, తర్వాత దాని మీద టైల్స్ వేసేసినవాళ్లు వీధికి నలుగురుంటారు. అయితే కొండవాలు మీద, రిటైనింగ్ గోడకు పైన ఇల్లున్నవాళ్లు మాత్రం గుంత తవ్వొద్దు. నీళ్లు దిగి మట్టి నానితే గోడ, దాని కింద ఇళ్లు ప్రమాదంలో పడతాయి. సెప్టిక్ ట్యాంకు పక్కనే గుంత తవ్వడం కూడా తప్పే. బోరులోకి డాబా నీళ్లు తిన్నగా పైపు పెట్టి వదిలేసేవాళ్లున్నారు, అది అస్సలు వద్దు, మురికంతా భూమిలోకి మీరే పంపినట్టు, పైగా ఒండ్రు చేరి బోరే పూడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు, వాన నీళ్ల పైపును జీవీఎంసీ (మన నగర కార్పొరేషన్) కుళాయి లైనుకు కలపడం. వాల్వు పెట్టాం కదా అంటారు. వాల్వు లీకయిన రోజున, కుళాయి లైనులో ప్రెషర్ పడిపోయిన రోజున మీ డాబా నీళ్లు వీధి అందరి కుళాయిల్లోకి పోతాయి. రెండు లైన్లు విడిగానే ఉండాలి. వాన నీళ్ల పైపుకు పచ్చరంగు వేయించి, కుళాయి మీద "తాగొద్దు" అని పెయింటుతో రాయించండి, ఇంటికొచ్చిన చుట్టాలకు తెలియదు కదా.

8. దోమలు, పిల్లలు

దోమ గుడ్డు పెట్టి అది దోమయి ఎగరడానికి వారం, పది రోజులు చాలు. డెంగీ దోమకు మురికి నీళ్లు కాదు, ఇలాంటి శుభ్రమైన నిల్వ నీళ్లే ఇష్టం. వారానికోసారి, శుక్రవారం నిల్వ నీళ్లు ఖాళీ చేసే డ్రై డే అని ఆరోగ్య శాఖవాళ్లు ఎలాగూ చెబుతుంటారు కాబట్టి అదే రోజు, టార్చిలైటు వేసి ట్యాంకులోకి చూడండి. తోక ఆడిస్తూ పైకీ కిందికీ తిరిగే సన్నటి పురుగులు కనిపించాయా, ఎక్కడో తెర చిరిగింది. మూత అంచు, పొర్లే పైపు మూతి, ఫిల్టరు డ్రమ్ము పైభాగం, మొదటి నీళ్ల డ్రమ్ము ఈ నాలుగూ వెతకండి, సాధారణంగా నాలుగోదే దొంగ. ఆ నీళ్లు మొక్కలకు పోసేసి, లోపల గోడలను బ్రష్‌తో రుద్దండి, గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి.

డ్రమ్ము మూతలకు చిన్న పిల్లలు తీయలేని బిగింపు ఉండాలి. నడక నేర్చిన పిల్లలకు సగం నిండిన డ్రమ్ము కూడా ప్రాణాంతకమే. భూమిలో సంపు ఉన్నవాళ్లు తాళం వేయండి. సంపు కడగడానికి ఒక్కరే దిగొద్దు, చాలా రోజులు మూసి ఉన్న సంపులో గాలి ఆడక స్పృహ తప్పి చనిపోయినవాళ్లున్నారు. మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషి ఉండగా, నడుముకు తాడు కట్టుకునే దిగాలి. లోపల పడిపోయినవాళ్లను చూసి వెంటనే ఇంకొకరు దూకడం వల్లే ప్రమాదం రెట్టింపవుతుంది.

9. తాగడానికే కావాలంటే

పైన చెప్పిన ప్రాంతాలు కాకుండా, డాబా శుభ్రంగా ఉండి, మొదటి నీళ్లు వదిలి, వడకట్టి పట్టిన నీళ్లయితే తేలికైన దారి మరిగించడం. బుడగలు ఎగసేలా మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం ఉంచి, మూత పెట్టి చల్లార్చండి. ఇంకో బిందెలోకి మార్చే పని పెట్టుకోకండి, మళ్లీ చేతులు తగులుతాయి.

ట్యాంకు మొత్తానికి బ్లీచింగ్ వేయాలంటే, తాజా పౌడరు 1000 లీటర్లకు రెండున్నర గ్రాములు. గుప్పెడు కాదు, చెంచాల లెక్కా కాదు, చిన్న డిజిటల్ కాటా మీద తూచండి. మగ్గులో కొంచెం నీళ్లు పోసి ముద్దలా కలిపి, మగ్గు నిండా నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుగుకు దిగుతుంది. పై తేట మాత్రమే ట్యాంకులో పోసి కలిపి గంట ఆగాలి. నీళ్లు బురదగా ఉంటే బ్లీచింగ్ పనిచేయదు, ముందు తేరనివ్వాలి. మూత తీసి పెట్టిన పాత పౌడరులో ఘాటు పోయి ఉంటుంది, అది వేసినా వేయనట్టే. బ్లీచింగ్‌ను బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. బకెట్టు, బిందె నీళ్లకైతే మందుల షాపులో దొరికే క్లోరిన్ మాత్రలు మేలు, ఎన్ని లీటర్లకు ఒకటో అట్ట మీద ఉంటుంది, అలాగే వేయండి.

పసిపిల్లలకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కీమో తీసుకుంటున్నవాళ్లకు ఈ నీళ్లు వద్దు.

వంటకు వాడేవాళ్లు ఒకసారి కందిపప్పు ఉడకేసి చూడండి. ఉప్పు బోరు నీళ్లలో నాలుగు విజిల్స్ వచ్చినా గింజ గింజగా ఉండే పప్పు, వాన నీళ్లలో తొందరగా మెత్తబడుతుంది. మీ ఇంట్లో వాన నీళ్లకు అభిమానులు పెరిగేది ఇక్కడే.

10. నీళ్లు బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది

గాజు గ్లాసులో పట్టి వెనక పేపరు పెట్టండి, చిన్న అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. గంట కదపకుండా ఉంచితే అడుగున నల్లటి మసి పొర దిగిందా, మొదటి నీళ్లు చాలినంత వదల్లేదు. పచ్చదనం కనిపిస్తే ట్యాంకులోకి వెలుతురు పోతోంది. కుళ్లు వాసన వస్తే ఫిల్టరులో ఆకులున్నాయి.

నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపించే టీడీఎస్ మీటరు ఉంటే అది మంచి పనికొస్తుంది, జనం వాడే పనికి కాదు గానీ. మొదటి నీళ్ల డ్రమ్ములో ఒకసారి, ట్యాంకులో ఒకసారి పెట్టి చూడండి. సముద్రం దగ్గరి ఇళ్లలో ఈ రెండు అంకెలకు బాగా తేడా ఉండాలి, ట్యాంకులో 50 లోపు వస్తే ఉప్పు బాగా కడుక్కుపోయినట్టే. రెండూ దగ్గరదగ్గరగా ఎక్కువ ఉంటే మొదటి నీళ్లు ఇంకా వదలాలి. కొత్త సిమెంటు సంపులో మాత్రం సున్నం వల్ల అంకె ఎక్కువే చూపిస్తుంది, రెండు మూడు సార్లు నింపి ఖాళీ చేస్తే తగ్గుతుంది.

ఆ మీటరుతో చేసే తప్పు ఏంటంటే, అంకె తక్కువ వచ్చింది కాబట్టి నీళ్లు స్వచ్ఛం అనుకోవడం. మీటరుకు ఉప్పులే తెలుస్తాయి, పావురం రెట్టలోని క్రిములు దానికి కనిపించవు. ఆ క్రిముల సంగతి తెలియాలంటే హెచ్‌టూఎస్ సీసాలు దొరుకుతాయి. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి ఇంట్లో ఒక మూల పెడితే, కలుషితమైన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. నల్లబడిన నీళ్లు తాగొద్దు, సీసాలో బ్లీచింగ్ నీళ్లు పోసి గంట ఆగాక బాత్‌రూమ్‌లో పారబోయండి. బ్లీచింగ్ సరిపోయిందో లేదో చూడటానికి క్లోరిన్ కిట్టు ఉంటుంది, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి.

ఇంకో ప్రశ్న, వాన నీళ్లను ఆర్‌ఓలో పోయొచ్చా అని. ముఖ్యంగా లవణాలు తీయడానికే ఆర్‌ఓ, ఇందులో లవణాలు చాలా తక్కువ. సగం నీళ్లు అనవసరంగా బయటికి పారబోసుకోవడం తప్ప పెద్దగా లాభం లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా అనీ అడుగుతారు. వద్దు. మన ఊళ్లో వాన నీళ్లు ఎంత తేటగా ఉన్నా సముద్రపు ఉప్పు, డాబా సిమెంటు కొంత కలిసే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనండి, వేల రూపాయల బ్యాటరీ దగ్గర పీనాసితనం ఎందుకు.

అద్దె ఇంట్లో, అపార్ట్‌మెంట్‌లో ఉంటే

పైపులు కోయడానికి ఓనరు ఒప్పుకోడు, డాబా మీ ఒక్కరిదే కాదు. అలాంటప్పుడు పాత పద్ధతి ఉండనే ఉంది. ఉతికిన తెల్ల పంచె నాలుగు మూలలూ బట్టలారేసే తీగలకు కట్టి, మధ్యలో కడిగిన గులకరాయి ఒకటి వేయండి. గుడ్డ అక్కడ కుంగి, ఆ మొన నుంచి ధార కడుతుంది, కింద బిందె పెట్టండి. వాన మొదలై గుడ్డ బాగా తడిసి, కాసేపు కారాకే బిందె పెట్టాలి. కప్పు తగలని నీళ్లు కాబట్టి డాబా నీళ్లకంటే ఎంతో శుభ్రం, అయినా తాగే ముందు మరిగించాలి, పోర్టు ధూళి ఉన్నచోట ఇవీ తాగొద్దు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు గుడ్డకు 10 మిల్లీమీటర్ల వానకు ఒక బిందెడు వస్తాయి. చెట్టు కిందా, కరెంటు వైర్ల కిందా కట్టొద్దు.

అపార్ట్‌మెంట్ మొత్తానికి చేయాలంటే అసోసియేషన్ మీటింగులో తాగే మాట ఎత్తకండి, ఆ చర్చ తెల్లారేదాకా తెమలదు. ఫ్లష్‌కు, పార్కింగ్ కడగడానికి అని మొదలుపెడితే ఒప్పుకుంటారు.

తుఫాను వస్తుందంటే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై ట్యాంకులో చుక్క లేదు. నేల మీదున్న వాన నీళ్ల ట్యాంకు విలువ అలాంటప్పుడే తెలుస్తుంది.

హెచ్చరిక రాగానే ట్యాంకు నిండా నీళ్లు ఉండేలా చూసుకోండి, ఖాళీ ట్యాంకు గాలికి లేచిపోతుంది, నిండుది కదలదు. తక్కువుంటే కుళాయి నీళ్లయినా బకెట్లతో పోసి నింపండి. మూతను తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టండి. డాబా మీద విడిగా ఉన్నవన్నీ దింపేయండి. తుఫాను మొదలవకముందే ట్యాంకు వైపు వాల్వు మూసేసి, కాలువ వైపుది తెరిచేయండి, మొదటి నీళ్ల డ్రమ్ముతో చేసుకున్నవాళ్లు కూడా ఫిల్టరు ముందు ఒకటి, కాలువ వైపు ఒకటి ఇలాగే రెండు వాల్వులు పెట్టించుకుంటే ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ గాలికి సముద్రపు నురగ, చెట్ల ఆకులు, ఎక్కడివో చెత్తంతా డాబా మీదికి చేరుతుంది, ఆ వాన ఎంత పడినా పట్టొద్దు. గాలి పూర్తిగా తగ్గి, డాబా ఊడ్చి, తూము జాలి కడిగాక, ఆ తర్వాతి వాన నుంచి పట్టండి. వరద నీళ్లు సంపులోకి చేరితే అవి తాగడానికే కాదు, అంట్లకు కూడా పనికిరావు, మొత్తం తోడేసి బ్లీచింగ్‌తో కడగాల్సిందే.

డిసెంబరులో వానలు ఆగాక మిగిలిన నీళ్లు వాడేసి, మట్టం వాల్వు తెరిచి మడ్డి వదిలి, లోపల పొడవాటి బ్రష్‌తో రుద్ది కడిగి, పూర్తిగా ఆరనిచ్చి మూత బిగించండి. ఫిల్టరులోని ఇసుక, కంకర బయటికి తీసి డాబా మీద ఎండబెట్టి గోనెసంచిలో కట్టి, పిల్లులు చేరని చోట పెట్టండి.